నాలుగు కార్డులు, కుంచెడు బియ్యం

బ్యాంకులో నేను ఏం పని చేశానని అడిగితే మా చుట్టాలు ఇప్పటికీ "నోట్లు లెక్కపెట్టేది" అంటారు. నిజానికి నోట్లు లెక్కపెట్టింది ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాళ్లే. ఆ తర్వాత బూర్గంపాడులోనూ, చివరికి భద్రాచలంలోనూ నేను చేసిన పని వేరు. మనుషులు చెప్పుకోవడానికి సిగ్గుపడే మాట వాళ్ల నోటివెంట వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోవడమే నా పని. సగం సర్వీసు అప్పులు వసూలు చేశాను. మిగతా సగం అప్పుల్లో పడ్డవాళ్లకు సలహా చెప్పే గదిలో కూర్చున్నాను.

ఈ మధ్య ఆ గదిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చురుకైన పిల్ల. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అడిగింది.

"మేడం, పెండ్లి కుదిరినోళ్లు వస్తున్నరు. పిల్లగానికి కార్డు బాకీలున్నయి, చేసుకోవాల్నా వద్దా అంటున్నరు. గిదేంది మేడం, మనమేమన్న పెండ్లిళ్ల పేరయ్యలమా?"

నాకు నవ్వొచ్చింది. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ పెద్దల కాలంలో క్రెడిట్ కార్డు లేదు. ఇప్పుడు ఆ నూరు అబద్ధాలకూ నెలనెలా వడ్డీ పడుతోంది. ఆ అమ్మాయికి ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులోని వాళ్ల పేర్లు మార్చాను. వాళ్లను అడిగే రాస్తున్నాను.

చెప్పులు బయట

బూర్గంపాడులో నా మొదటి మేనేజరుగారు మనిషి పొట్టి, గొంతు పెద్దది. బ్రాంచిలో అందరి మీదా అరిచేవారు. బాకీదారు వాకిట్లోకి వెళితే మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో తెలియదు. చెప్పులు బయట విప్పి, మంచం మీద కూర్చోమంటే కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, మిరప తోట ఎలా ఉందో, ఈసారి ఇప్పపువ్వు ఎంత రాలిందో అడిగి, అప్పు మాట ఆఖరున ఎత్తేవారు. అదీ అప్పు తీసుకున్న మనిషితోనే, పక్కకు పిలిచి. "బాకీ వాడిది, సిగ్గూ వాడిదే. మన పని బాకీ వరకే. సిగ్గు జోలికి పోవద్దమ్మా" అనేవారు.

ఒకసారి ఆయనతో జీపులో అడవి లోపలి గూడేనికి వెళుతున్నాను. భూమి పండుగ రోజులు. రోడ్డుకు అడ్డంగా వెదురు గడ పెట్టి ఆడవాళ్లు నిలబడ్డారు. ఆ పండుగప్పుడు దారిన పోయే బండ్లను ఆపి తలా కొంత పుచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. అందరికంటే ముందు నిలబడిన ఆవిడ మేం ఎవరి ఇంటికి బయల్దేరామో ఆ మనిషే. మేనేజరుగారిని చూసి ఆవిడ ఏమాత్రం తడబడలేదు. నవ్వుతూ చేయి చాపింది.

"సారూ, ఇయ్యాల వసూలు మాది" అంది.

ఆయన జేబులోంచి నోటు తీసి ఇచ్చి, డ్రైవరును బండి వెనక్కి తిప్పమన్నారు. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో తిరిగి పోవడమేమిటని నాకు ఒళ్లు మండింది. దారి పొడుగునా మాట్లాడలేదు. పండుగ అయ్యాక సంత రోజున ఆవిడే బ్రాంచికి వచ్చి కిస్తు కట్టి, సారు ఏరని అడిగి మరీ పలకరించి వెళ్లింది.

ఆయన తర్వాత నేను ఇంకో అధికారి కింద పని చేశాను. ఆయన దారి వేరు. సిగ్గు పడితే మనిషి తొందరగా కడతాడని ఆయన నమ్మకం. ట్రాక్టర్ల షాపులో పనిచేసే ఒక కుర్రాడు కార్డు బాకీ పడ్డాడు. అతనికి పెళ్లి ఖాయమైందని తెలిసి, మా సారు ఎవరెవరినో పట్టుకుని ఆడపిల్ల తండ్రి నంబరు సంపాదించి ఫోన్ చేశారు. వారం తిరగకుండా కుర్రాడి తల్లి గేదెలమ్మి బాకీ కట్టింది. పెళ్లి తప్పిపోయింది. సారు దాన్ని మీటింగులో గొప్పగా చెప్పుకున్నారు.

చాలా రోజులకు ఆ ఆడపిల్ల నాకు కొత్తగూడెం బస్టాండులో కనిపించింది. నేను బ్యాంకు మనిషినని గుర్తుపట్టింది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది.

"ఆయనే చెప్తే నేను చేసుకునేదాన్ని మేడం. బ్యాంకాయన చెప్పిండు."

ఆ వసూలు తప్పు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఒకరి అప్పు సంగతి వాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పకూడదు, పెళ్లి దగ్గర అసలే చెప్పకూడదు. ఈ కుర్చీలో కూర్చోబోయే పిల్లలు వడ్డీ లెక్కలు తర్వాత నేర్చుకున్నా ఫరవాలేదు, ముందు ఇది నేర్చుకోవాలి.

బోనస్ బండి

సునీత భద్రాచలంలో నర్సు. వాళ్లది పర్ణశాల దగ్గర ఒక కోయగూడెం. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో హెల్మెట్, కళ్లనిండా నిద్ర.

నా గది లాకర్ల పక్కన చిన్న అర. టేబుల్‌ని గోడకు జరిపించి, వచ్చినవాళ్ల కుర్చీ నా కుర్చీ పక్కనే వేయించుకునేదాన్ని. ఎదురెదురుగా కూర్చుంటే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. పక్కపక్కన కూర్చుంటే బస్సులో కలిసిన ఇద్దరు ఆడవాళ్లలా మాట దానంతటదే దొర్లుతుంది.

"మేడం, నాకు పర్సనల్ లోన్ కావాలె. జల్దీ కావాలె" అంది.

"ఎందుకు తల్లీ?"

"పెండ్లి ఖర్చులకు."

"మీలో పెళ్లి ఖర్చు మగపెళ్లివాళ్లది కదా. నీకెందుకు అప్పు?"

ఆమె హెల్మెట్ పట్టీని వేలికి చుట్టింది, విప్పింది. నేను టీ చెప్పాను. టీ వచ్చాక అసలు సంగతి బయటికొచ్చింది. పెళ్లికొడుకు రాంబాబు. పినపాక వైపు గూడెం వాళ్లది, వరసకు బావే. మణుగూరు దగ్గర ఒక ప్లాంటులో కాంట్రాక్టు కింద సూపర్‌వైజరు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు ఒప్పుకున్నారు, పెళ్లి దగ్గర పడింది. మొన్న ఇద్దరూ గోదావరి ఒడ్డున కూర్చుని ఉంటే అతని ఫోను మోగింది. అతను ఆపేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ ఆపేశాడు. మూడోసారి సునీతే లాక్కుని చెవిన పెట్టుకుంది. అవతలివాడు మాట్లాడేది ఎవరని కూడా అడగకుండా తిట్టడం మొదలుపెట్టాడు.

"బావకు రెండు కార్డులున్నయట మేడం. నేను లోన్ తీసుకొని గవి కట్టేస్త. మా నాయినకు తెల్వద్దు, వాళ్ల నాయినకు తెల్వద్దు. పెండ్లయినంక ఇద్దరం కలిసి తీర్చుకుంటం."

ఆ మాటలో ఎంత ప్రేముందో నాకు తెలుసు, ముచ్చటేసింది. అందుకే భయం కూడా వేసింది. పెళ్లికి ముందు అవతలి మనిషి అప్పు తన పేరు మీదికి మార్చుకున్న ఆడపిల్లలను చూశాను. పెళ్లి ఆగిపోతుంది, కిస్తు ఆగదు. పెళ్లి జరిగినా చిక్కే. ఆ మగవాడు ఇంట్లో భార్యకు బాకీదారుగా బతుకుతాడు. అలా బతకడం చాలామందికి చేతకాదు, ఆ కోపం మళ్లీ భార్య మీదే చూపిస్తారు.

"లోన్ దొరుకుతుంది. నీ జీతానికి ఎవరైనా ఇస్తారు. కానీ ఎంత తీర్చాలో నీకు తెలుసా?" అన్నాను.

"రెండు కార్డులని చెప్పిండు గదా."

"ఆ మాట నేను అతని నోటితో వినాలి."

"బావ గట్లాంటోడు కాదు మేడం. నేను డ్యూటీకి ఆటోలల్ల తిరుగుతున్ననని, బోనస్ రాంగనే నాకు బండి కొనిచ్చిండు. తన కోసమైతే ఒక అంగి గూడ కొనుక్కోలే. దవాఖానల అందరికి చెప్పిన, మా బావ బోనస్‌తోని కొనిచ్చిండని."

కిటికీలోంచి బండి చూపించింది. ఎర్ర స్కూటీ. ఆ ఎండాకాలపు దుమ్ములో కూడా తళతళ మెరుస్తోంది. రోజూ తుడుస్తుందని తెలుస్తూనే ఉంది.

అలాంటి ప్లాంట్లలో కాంట్రాక్టు వాళ్లకు వచ్చే బోనసు ఎంతో నాకు తెలుసు. దాంతో బండికి అద్దాలొస్తాయేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బస్టాండులో కనిపించిన ఆ పిల్ల గుర్తొచ్చి మింగేశాను. "అతన్ని తీసుకురా, ఇద్దరూ కలిసి రండి" అని మాత్రం చెప్పి పంపాను.

ఇంకొకటి ఉంది కదా

రాంబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నమస్కారం పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, జేబులోంచి కార్డులు తీసి టేబుల్ మీద పరిచాడు. మూడు. సునీత అతని వంక చూసింది. "మూడోది మొన్ననే యాదికొచ్చింది" అన్నాడు. ఈ పనిలో అలాంటి మతిమరుపు చాలా చూశాను.

మొదటి కార్డు ప్లాంటు గేటు దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్న కుర్రాళ్లు ఇచ్చారు. ఊరికే వస్తుంటే తీసుకున్నాడు. మిగతా రెండూ వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి ఇచ్చారు. పెళ్లి కుదరగానే టెంటుకు, డీజేకు, కొత్తగూడెం నుంచి వచ్చే వంటవాళ్లకు అడ్వాన్సులు కార్డుల మీదే ఇచ్చాడు. నగదు కావాల్సినప్పుడు ఒక షాపులో కార్డు గీకి, కమిషన్ పోగా మిగిలింది తెచ్చుకున్నాడు. ఒక కార్డు కట్టడానికి ఇంకో కార్డు వాడాడు. అన్నీ కలిపితే అతని ఏడాది జీతం దాటింది.

"నెలనెలా మినిమం కడుతనే ఉన్న మేడం. మొన్నటిదాంక ఒక్కనెల తప్పలే" అన్నాడు, కాస్త గర్వంగానే.

మినిమం అంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమని వివరించాను. అది కడితే ఫోన్లు ఆగుతాయి, అప్పు ఆగదు. అతను తల వంచుకుని విన్నాడు.

"సరే, అసలు ఇంత ఖర్చు ఎందుకు? మీ గూడేల్లో పెళ్లంటే ఇంటింటివాళ్లూ బియ్యం తెచ్చి పోస్తారు కదా. కోళ్లు తెస్తారు, కట్టెలు తెస్తారు, ఆడవాళ్లే వండుతారు. నేను తిన్నాను ఆ పెళ్లి భోజనాలు."

"నేనే వద్దన్న మేడం. నౌకరి చేసేటోణ్ని, ఇంటింటి బియ్యం పోయించుకుంటనా? ప్లాంటు నుంచి మా సార్లు వస్తరు. వాళ్ల ముందట చాటలు పట్టుకొని నిలవడితే ఏం బాగుంటది?"

నాకు కోపం ఆగలేదు.

"ఊరివాళ్ల బియ్యం తీసుకోవడానికి సిగ్గు. ముఖం ఎరగని కంపెనీ దగ్గర తీసుకోవడానికి సిగ్గు లేదు. ఇదెక్కడి లెక్క బాబూ?"

టీ వచ్చింది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక పని మెలకువ చెప్పాలి. అప్పులన్నీ చెప్పేశానన్న ప్రతి మనిషీ ఒకటి దాస్తాడు. అది పెద్దదే అయ్యుండాలని లేదు. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది దాస్తాడు. దాన్ని పెన్ను పట్టుకుని అడిగితే రాదు. పెన్ను మూత పెట్టాలి, కాగితం మడవాలి, ఇక పని అయిపోయిందన్నట్టు కూర్చోవాలి. టీ సగం తాగాక మెల్లిగా అడగాలి.

"రాంబాబూ, ఇంకొకటి ఉంది కదా?"

"లేదు మేడం."

నేను నా టీ తాగుతూ కూర్చున్నాను. అతను గ్లాసు వంక చూశాడు, గోడ వంక చూశాడు. చివరికి సునీత ఒళ్లో ఉన్న హెల్మెట్ మీద అతని చూపు ఆగిపోయింది.

"ఉన్నది" అన్నాడు. "నాలుగోది. ఇంట్ల పెట్టిన."

"దేనికి?"

సునీతే అడిగింది.

"బండా బావా?"

"అవ్."

"బోనస్ అన్నవ్."

"రాలే. నువ్వు వానల తడుసుకుంట ఆటో కోసం నిలవడితే నాకు పానం ఆగలే. అప్పు జేసి కొన్న అంటే నువ్వు తీసుకోవు."

సునీత లేచింది. తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టింది, దాని పక్కన హెల్మెట్ పెట్టింది.

"గా మూడు కార్డులకు నాకు కోపం రాలే బావా. కట్టుకుందం అనుకున్న. గిది మాత్రం... దవాఖానల అందరికి నా నోటితోని నేనే చెప్పిన. నాతోని అబద్ధం చెప్పిచ్చినవ్ గదా."

గొంతు పెంచకుండా అంది. అరిచి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. ఆమె బయటికి వెళ్లి, బండి పక్కనుంచే నడిచి, రోడ్డు మీద ఆటో ఎక్కింది. అతను వెనకాలే లేవబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. అప్పుడు ఏడ్చాడు. అంత పొడుగు మనిషి, చొక్కా చేతులతో కళ్లు తుడుచుకుంటూ ఏడ్చాడు. నాకు ఆ క్షణంలో అతని మీద కోపం పూర్తిగా పోయింది.

"పెండ్లి ఆగిపోతదా మేడం?"

"నాకు తెలియదు బాబూ. కానీ ఆ అమ్మాయి డబ్బు కోసం లేచి వెళ్లలేదు. నువ్వు నిజం చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ముందు అక్కడ చెప్పు."

"మా నాయినకా? పానం తీసుకుంటడు మేడం."

"తీసుకోడు. కోప్పడతాడు. కోప్పడనీ."

తాళంచెవి నా సొరుగులో ఉండిపోయింది.

బియ్యం వద్దన్న కొడుకు

కొన్నాళ్లకు సునీత వచ్చింది, ఆటోలో. ముఖం పీక్కుపోయింది.

"బావ ఫోన్ చేసిండు మేడం. వాళ్ల నాయినకు నా ముందటనే చెప్తడట, ఆదివారం రమ్మన్నడు. ఆ తర్వాత నేను ఏదంటే అదేనట. మీరు గూడ రావాలె."

"బ్యాంకు తరఫున నేను అక్కడ ఒక్కమాట మాట్లాడను."

"వద్దు. నా పక్కన కూసోండ్రి, చాలు."

వెళ్లాను. వాకిట్లో చెప్పులు విప్పి, మంచం మీద సునీత పక్కన కూర్చున్నాను. రాంబాబు తండ్రి ముత్తయ్య వెదురు బద్దలు చీరుతున్నాడు. తల్లి లచ్చమ్మ నీళ్లిచ్చింది. నానమ్మ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కోయ భాష తప్ప మాట్లాడదు.

రాంబాబు నిలబడే చెప్పాడు. నాలుగు కార్డులూ చెప్పాడు. బండి సంగతీ, బోనస్ అబద్ధమూ, ఊళ్లోవాళ్లను బియ్యం తేవద్దన్న సంగతీ చెప్పాడు. మధ్యలో ఒకసారి మాట తడబడితే నేను సాయం వెళ్లాలనుకున్నాను. సునీత చేయి నా చేతిమీద పడింది, ఆగిపోయాను.

ముత్తయ్య కత్తి కింద పెట్టాడు. 

"పైసల సంగతి తర్వాత. నా పెండ్లికి మా అయ్య ఇంటింటి బియ్యం పోయించుకున్నడు. గా బియ్యం నేను ఒక్కొక్కళ్ల ఇంట్ల పెండ్లికి పోసుకుంట పోయిన. వాళ్లు పోసినదాని మీద ఎక్కువే పోసిన. ఇప్పుడు నీ పెండ్లికి వాళ్లు పోసే వంతు. నువ్వు వద్దన్నవ్. మరి వాళ్ల బాకీ ఎట్ల తీరాలె? ఊరందరిని బాకీల ఉంచినవ్ గదరా. పక్కింటి పెద్దయ్య పది దినాల సంది నాతోని మాట్లాడుతలేడు, ఎందుకో నాకు తెల్వలే. ఇప్పుడు తెలిసింది."

నేను అంత కాలం అప్పుల శాఖలో పని చేసి, బియ్యం వద్దనడం వల్ల అతనికి ఖర్చు పెరిగిందనే అనుకున్నాను. తీర్చాలని ఎదురుచూస్తున్నవాళ్ల ముఖం మీద తలుపేసినట్టయిందని నాకు తట్టనే లేదు.

అంతలో నానమ్మ కోయలో ఏదో అంది. లచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఏమంది?" అన్నాను.

"పిల్ల ఇంటికొచ్చి అంతసేపాయె, లొల్లి తర్వాత పెట్టుకోండ్రి, ముందు అన్నం పెట్టుండ్రి అంటున్నది."

సునీత కూడా నవ్వింది. నవ్వడం, ఏడవడం ఒకేసారి వచ్చాయి ఆమెకు. లేచి రాంబాబు ఎదుట నిలబడింది. అందరి ముందూ అడిగింది.

"బావా, ఇంకొకటి ఉన్నదా?"

"లేదు."

"నా మొఖం చూసి చెప్పు."

"లేదు సునీతా. ఏం లేదు."

ఆమె అతని ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత ఆమె ముత్తయ్య వైపు తిరిగింది.

"మామా, బియ్యం పోయించుకుందం" అంది.

కార్డుల సంగతి

ఆ తర్వాత చేసింది మామూలు పనే, క్లుప్తంగా చెబుతాను. నాలుగు కార్డులూ వాడకం ఆపేయించాను. సునీత పేరు మీద అప్పు తీసుకోనివ్వలేదు. రాంబాబే తన పేరు మీద తక్కువ వడ్డీకి ఒక అప్పు తీసుకుని ఎక్కువ వడ్డీ కార్డులు మూడింటినీ మూసేశాడు; బండి కార్డు మాత్రం కిస్తుల మీద మిగిలింది. "సగం కట్టు, మిగతాది వదిలేస్తాం" అని అంతకుముందే కార్డు కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే ఆశపడ్డాడు. వద్దన్నాను. అలా తెగ్గొట్టుకుంటే క్రెడిట్ రికార్డులో పడే మచ్చ చాలా ఏళ్లు వెంట ఉంటుంది, రేపు ఇంటికి అప్పు కావాలంటే అడ్డం పడుతుంది. వంటవాళ్లు అడ్వాన్సులో కొంత తిరిగిచ్చారు. డీజే వాడు పైసా ఇవ్వనన్నాడు. కాబట్టి డీజే మాత్రం వచ్చింది.

బండి అమ్మేద్దామని రాంబాబు అన్నాడు. సునీత ఒప్పుకోలేదు. "దాని కిస్తు నేను కడత. నేను తిరుగుతున్న బండి, తెలిసి కడత" అంది. నేను అందుకు ఒప్పుకున్నాను. తెలియక నెత్తినేసుకున్న అప్పు వేరు, తెలిసి పంచుకున్నది వేరు. సొరుగులోంచి తాళంచెవి తీసి ఇస్తే, బయటికి వెళ్లి ముందు చీరకొంగుతో బండి సీటు తుడిచింది.

మా గదికి వచ్చిన కొత్త అమ్మాయి అడిగింది కదా, చేసుకోవాలా వద్దా అని. అది మనం చెప్పేది కాదు. అప్పున్నవాణ్ని చేసుకోవద్దని చెబితే ఈ దేశంలో సగం పెళ్లిళ్లు ఆగిపోతాయి. నేను చూసేది ఒకటే, అవతలి మనిషి తన నోటితో చెప్పాడా లేదా. చెప్పిన తర్వాత కూడా వద్దనిపిస్తే, అది ఆ పిల్ల ఇష్టం. అలా వద్దనుకుని వెళ్లిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకూ నేను టీ ఇచ్చే పంపాను.

పోసిన బియ్యం

పెళ్లికి నేను కుంచెడు బియ్యం మూటగట్టుకుని వెళ్లాను. గూడెం గూడెమంతా వరసలో ఉంది. లచ్చమ్మ చాట పట్టుకుంటే ఒక్కొక్కరూ పోసి పక్కకు జరుగుతున్నారు. అలిగిన పక్కింటి పెద్దయ్య అందరికంటే ముందున్నాడు. పసుపు బట్టల్లో రాంబాబు ప్రతి ఒక్కరికీ దండం పెట్టాడు. నా వంతు వచ్చేసరికి చాట తనే అందుకుని రెండు చేతులా పట్టాడు. ప్లాంటు సార్లు వచ్చారు. కింద కూర్చుని ఆకుల్లో తిన్నారు. వాళ్లలో పెద్దసారు నాటుకోడి కూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు. డీజే చెవులు హోరెత్తించింది.

కొన్నేళ్లకు నా రిటైర్మెంటు వచ్చింది. బ్రాంచిలో శాలువా కప్పారు, దండ వేశారు, నా గురించి నాకే తెలియని మంచి మాటలు చెప్పారు. మర్నాడు ఇంట్లో దగ్గరివాళ్లకు భోజనం పెట్టుకున్నాను. వడ్డించబోతుంటే వాకిట్లో ఎర్ర స్కూటీ ఆగింది. సునీత నడుపుతోంది. వెనక రాంబాబు, ఒళ్లో సంచి. దిగగానే చెప్పులు బయట విప్పాడు.

"మీరు పోసిన కుంచెడు మా మీద ఉన్నది మేడం. మీ ఇంట్ల శుభకార్యం ఎప్పుడైతదా అని చూస్తున్నం."

వాళ్ల ఇంటి కుంచం కూడా వెంట తెచ్చుకున్నారు. మా వంటింటి చాటలో కొలిచి పోశారు. సగం సర్వీసు అప్పులు వసూలు చేసిన మనిషిని. అప్పటిదాకా ఒక్కరు కూడా బాకీ తీర్చడానికి నా ఇంటిదాకా రాలేదు. కళ్లు తడుస్తుంటే చాట వంక చూస్తూ నిలబడ్డాను. కొలత నిండాక రాంబాబు మళ్లీ సంచిలో చేయి పెట్టి, దోసెడు బియ్యం తీసి పైన పోశాడు.

"ఇదెందుకు? కుంచెడే కదా నేను పోసింది."

"సమానం పోస్తే సంబంధం తెంపుకున్నట్టట మేడం. మా నాయిన చెప్పిండు. దోసెడు ఎక్కువ పోయాలె."

"అయితే ఇప్పుడు నేను మీకు దోసెడు బాకీ" అన్నాను. అలవాటైన నోరు కదా, వెంటనే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. "ఎప్పటిలోగా తీర్చాలి?"

సునీత చాట నా చేతుల్లో పెట్టింది. అంత కాలంలో ఆమె నన్ను మేడం అనకపోవడం అదే మొదటిసారి.

"తొందరేం లేదమ్మా. మీరు మాకు బాకీ ఉండుండ్రి."